కునుకు పట్టని కుర్చీ

సోమవారం

గుండూ,

అటక మీద అట్టపెట్టెలో నీ కంపెనీ డైరీలు మిగిలిపోయి ఉంటే ఒకటి దింపించుకున్నాను. పోయిన ఏడాదివి. వీటిలో తారీఖులు ఇప్పటి వారాలతో కలవవు. అచ్చువేసింది కొట్టేసి, పైన వారం పేరు నేనే రాసుకుంటున్నాను. నా మూడో తరగతి చదువుకి అదే ఎక్కువ. నువ్వు హైస్కూల్లో ఉన్నప్పుడు నేను రాసిన సరుకుల చీటీకి ఎర్ర పెన్సిలుతో మార్కులు వేసేవాడివి, పదికి నాలుగు. ఒకసారి మూడున్నర. ఇక వేసేవాడివి లేవు కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

పొద్దున నీ తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అంటే ఏదో అడగడానికే వచ్చినట్టు.

"కొత్త కుర్చీ తయారైందమ్మా. ఎప్పుడొస్తావు?"

"ఏ కుర్చీరా?" అన్నాను తెలియనట్టు.

"అన్నయ్య ఆస్పత్రిలో గీసింది. మేస్త్రి పూర్తి చేశాడు. నువ్వొచ్చి కూర్చుంటే ఓ పని అయిపోతుంది."

"నాకు నడుము నొప్పి."

"నీ నడుము నొప్పనే కదమ్మా అన్నయ్య కుర్చీలు మొదలుపెట్టింది!" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. నీ మాట ఎత్తితే చాలు, మనవాళ్ళంతా నాలిక్కరుచుకుంటారు. నేనేదో పగిలిపోతానని.

రేపు వస్తానని చెప్పి పంపాను. నేను బాగానే ఉన్నాను.

మంగళవారం

నువ్వు పోయాక షెడ్డులోకి వెళ్ళడం ఇదే. వాసన మారలేదు. కాలిన ఇనుము, రంగు, స్పాంజికి పూసే జిగురు. ఈ వాసన నీ చొక్కాలకి పట్టి ఎంత ఉతికినా పోయేది కాదు. తిట్టుకుంటూ ఉతికేదాన్ని. నీ నీలం చొక్కా ఒకటి ఉతకకుండా బీరువాలో అడుగున పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

కిటికీ పక్కన నా చోటు అలాగే ఉంచారు. పక్కన బుట్ట నిండా గుడ్డ పేలికలు, రెక్సిన్ ముక్కలు. రంగుకి రంగు వేరు చేయాలి. అది పని కాదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. "అమ్మా, ఇవి కాస్త వేరు చేసిపెట్టవా" అని కొత్త కుర్చీలో కూర్చోబెట్టి, నీ పాటికి నువ్వు పైపులు వంచుకుంటూ ఉండేవాడివి. నిద్రపో అని ఒక్కనాడూ అనలేదు. కాసేపటికి చేతిలో పేలిక జారేది, తల వాలేది, కాలి చెప్పు టప్పుమని కింద పడేది. చెప్పు పడితే కుర్చీ పాసు. పడకపోతే విప్పి మళ్ళీ చేయడమే. పాసైన రకానికే అడుగున రేకు బిళ్ళ కొట్టేవాడివి, "అమ్మ కూర్చుంది" అని. కొనేవాళ్ళు తిరగేసి చూసి నవ్వేవాళ్ళట. నవ్వి, ఇంకో రెండు అడిగేవాళ్ళట.

నాకు మెలకువ వచ్చి, "నేనెక్కడ పడుకున్నాన్రా, కళ్ళు మూసుకున్నానంతే" అనేదాన్ని. షెడ్డు షెడ్డంతా గొల్లుమనేది.

మేస్త్రి కొత్త కుర్చీని చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు. నీకు తెలుసుగా, ఆయన చేతులు ఎంత చురుకో నోరు అంత సణుగుడు. సణుగుడు మేస్త్రి అని పేరు పెట్టింది నువ్వే. ఇవాళ మాత్రం ఏమీ సణగలేదు. కుర్చీ పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళి గ్రైండరు దగ్గర నిలబడ్డాడు.

బూడిదరంగు పైపులు, ఆకుపచ్చ సీటు. వీపు ఎత్తుగా ఉంది. తలకి రెండు వైపులా చెవుల్లాంటి చిన్న దిండ్లు. పక్కకి తల వాలిస్తే జారిపోకుండా. నువ్వు గీసినట్టే ఉంది.

మీ ఆవిడ ఆఫీసు గదిలోంచి వచ్చింది. చెవికి ఫోను. ఫోను దించకుండానే కళ్ళతో నాకు కుర్చీ చూపించింది.

కూర్చున్నాను. పేలికలన్నీ వేరు చేశాను. ఎర్రవి, నల్లవి, గళ్ళవి. బుట్ట ఖాళీ అయిపోయింది, కునుకు రాలేదు.

"ఎలా ఉందమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"కుర్చీ చేతులు ఎత్తుగా ఉన్నాయి. భుజాలు పైకి లేస్తున్నాయి."

"దించుతాను." అప్పుడు మొదలైంది సణుగుడు. "గుండన్న ఇచ్చిన కొలతే మరి... నేనేమైనా నా ఇంట్లోంచి తెచ్చానా కొలత..."

అందరూ నిన్ను గుండన్న అనడం నా పుణ్యమే. అంత పెద్ద షెడ్డు యజమానివి, బయటినుంచి వచ్చినవాళ్ళు "సార్ ఉన్నారా" అంటే పనివాళ్ళకి ఏ సారో అర్థమయ్యేది కాదు.

బుధవారం

రాత్రి బాగా నిద్ర పట్టింది. అంటే, పడుకున్నాను.

శుక్రవారం

చేతులు దించారు. కూర్చున్నాను. రాలేదు. వీపు దగ్గర ఏదో పొడుస్తోందని చెప్పాను. పొడుస్తోంది మరి.

క్యారేజీ నిండుగా తిరిగొచ్చింది. నీకు పంపినట్టే మీ ఆవిడకీ పంపుతున్నాను. నువ్వు గిన్నెలు నాకి పంపేవాడివి. ఈవిడ మూత కూడా తీయదు. నా వంట నచ్చదేమో.

శనివారం

ఇవాళ వెళ్ళలేదు. ఊరికే కూర్చుంటే మన మొదటి కుర్చీ గుర్తొచ్చింది.

మీ నాన్న పోయిన కొత్తలో నేను బట్టల కుట్టుకొట్టులో కుట్టేదాన్ని. స్టూలు మీద కూర్చుని. దానికి వెనక ఆనుకోడానికి ఏమీ ఉండేది కాదు, సాయంత్రానికి నడుము రెండు ముక్కలయ్యేది. నువ్వు గేట్లు చేసే ఆయన దగ్గర వెల్డింగు నేర్చుకుంటున్నావు. ఒకరోజు తుక్కు పైపులతో ఏదో చేసుకొచ్చి కొట్టు ముందు దించావు. కుర్చీ అన్నావు. నేను నమ్మలేదు. ఒక కాలు పొట్టి. అటూ ఇటూ ఊగుతుంటే నీ పాత చెప్పు కోసి, ఆ ముక్క కింద పెట్టావు.

నీ మొహం చూడలేక కూర్చున్నాను. చేతిలో ఎవరిదో జాకెట్టు, చేతిపని. అంతే గుర్తుంది. కొట్టు యజమాని గొంతు చించుకుని అరుస్తుంటే మెలకువ వచ్చింది. సూది చేతిలోనే ఉంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను, నువ్వేమో వీధిలో గంతులు. "మా అమ్మ నిద్రపోయింది! నా కుర్చీ పనికొస్తుంది!" అని. యజమాని నీ మీదికి కర్రస్కేలు విసిరాడు. నువ్వు దాన్ని పట్టుకుని "థాంక్సండీ, కొలతకి పనికొస్తుంది" అన్నావు.

పక్క మెషీను ఆవిడ తనకీ ఒకటి చేసిపెట్టమంది. ఆ తరవాత పక్క కొట్టాయన. అంతే కదా నీ ఫ్యాక్టరీ.

ఆ కర్రస్కేలు ఇప్పటికీ షెడ్డులో గోడకి వేలాడుతోంది. మంగళవారం చూశాను.

సోమవారం

వీపు దిండు మార్చారు. రాలేదు. సీటు ముందుకి జారుతోంది.

మంగళవారం

సీటు మార్చారు. రాలేదు.

గురువారం

ఇవాళ నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను.

కూర్చున్నాను, లేచాను. "ఇప్పుడు చేతులు మరీ కిందికి పోయాయి మేస్త్రీ" అన్నాను.

మేస్త్రి గోడ వైపు తిరిగి సణిగాడు. "మొన్నటిదే ఇది. చెయ్యి కూడా వేయలేదు. మొన్న బాగున్న చేతులు ఇవాళ కిందికెలా పోతాయి, పొద్దెక్కాక కరిగాయేమో మరి..."

"ఏమంటున్నావు?"

"ఏం లేదమ్మగారూ. దించిన చేతులు ఎత్తుతానంటున్నాను."

నీ తమ్ముడు అక్కడే ఉన్నాడు. వాడు ఇక ఆగలేకపోయాడు. నా ముందే మీ ఆవిడతో, "వదినా, కుర్చీ బ్రహ్మాండంగా ఉంది. నేను కూర్చున్నాను, మేస్త్రి కూర్చున్నాడు, టీ ఇచ్చేవాడు కూడా కూర్చున్నాడు. నెలాఖరుకి సరుకు అందకపోతే ఆస్పత్రివాళ్ళు ఆ పాత ఇనప కుర్చీలే ఇంకో చోట తెప్పించుకుంటామంటున్నారు. పంపేద్దాం."

"అత్తయ్య నిద్రపోలేదుగా."

"అమ్మ నిద్ర మీద ఫ్యాక్టరీ నడుపుతామా?"

"ఇన్నాళ్ళూ దేని మీద నడిచిందనుకున్నావు?"

"పోనీ బిళ్ళ కొట్టకుండా పంపు."

"మీ అన్నయ్య చివరి కుర్చీ, బిళ్ళ లేకుండా వెళ్తుందా?"

"అయితే కొట్టేసి పంపు! ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంది. ఇంతలో ఫోను మోగింది. తీసి, "ఆఁ, చెప్పండి, నేనే" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. గొంతులో ఒక్క వణుకు లేదు. నువ్వు పోయిన వారానికే షెడ్డు తాళాలు చేతిలోకి తీసుకుంది. ఆవిడ ఏడవగా నేను చూడలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు, ఎంత గట్టి మనిషో అని. ఉండనీ.

తప్పు కుర్చీదే. నాకు నిద్రకేం లోటు లేదు.

క్యారేజీ నిండుగా వచ్చింది.

శుక్రవారం

వెళ్ళాను. రాలేదు. వచ్చాను.

ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఎవరితో చెప్పుకోను?

ఆ ఆస్పత్రి. నువ్వు లోపల, నేను వరండాలో. ఒకే కమ్మీకి బిగించిన ఇనప కుర్చీలు. వరసలో ఒకరు కదిలితే అందరూ ఊగాలి. చలికాలపు నేల మీద కూర్చున్నట్టు ఉండేవి. మీ ఆవిడ పగలు షెడ్డు, సాయంత్రం నీ దగ్గర. నేను పొద్దస్తమానం అక్కడే. ఎప్పుడో ఒకప్పుడు తలుపు తెరిచి నర్సు అరిచేది. "పేషెంటు తాలూకు ఎవరండీ?" వరండాలో ఉన్నవాళ్ళందరం ఒక్కసారే లేచేవాళ్ళం. పేరు వినకముందే. తరవాత మనది కాదని తెలిస్తే కూర్చునేవాళ్ళం. ఎవరిదో వాళ్ళు పరిగెత్తేవాళ్ళు.

నన్ను లోపలికి రానిచ్చినప్పుడు నువ్వు అడిగిన మొదటి మాట నీ ఒంటి గురించి కాదు. "అమ్మా, బయట కుర్చీలు చూశావా? కూర్చునేవాళ్ళ మీద పగబట్టి చేశారే." నవ్వబోయి దగ్గావు. మాత్రల అట్టపెట్టె చించి, నర్సు పెన్ను అడుక్కుని గీయడం మొదలుపెట్టావు. "లోపలున్నవాడికి మంచం ఉంది. బయటున్నవాళ్ళకి ఏముంది చెప్పు? ఇక్కడ చెవి పెడతాను. తల ఇలా వాల్చుకుంటావు. నువ్వు దీంట్లో పడుకుంటేగానీ వదలను."

"ముందు నువ్వు లేచి ఇంటికి రా" అన్నాను.

"వస్తాను. నువ్వు తిన్నావా?"

అడగాల్సింది నేను. చిన్నప్పటినుంచీ, నువ్వు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి "కడుపునిండా తిను" అని అరవడం నా పని. వీధి చివర ఉన్నా చెయ్యెత్తేవాడివి, వినబడిందని.

ఆ అట్టముక్క మీ ఆవిడే తీసుకెళ్ళి, ఆ ఆస్పత్రివాళ్ళకే చూపించింది. వరండాలన్నిటికీ కావాలన్నారట.

ఆ కుర్చీ చాలా మెత్తగా ఉంటుంది గుండూ. కూర్చోగానే వీపంతా దానికి అప్పజెప్పేయొచ్చు. అప్పజెబుదామనే అనుకుంటాను. ఇంతలో నా చెవి తలుపు వైపుకి తిరుగుతుంది. గ్రైండరు మోత, సుత్తి దెబ్బ, ఎవరో ఎవరినో కేకేయడం, అన్నిటిలోనూ తాలూకు ఎవరండీ, తాలూకు ఎవరండీ.

చేతులు కాస్త వంకర ఉన్నాయి. రేపు మేస్త్రికి చెప్పాలి.

మంగళవారం

ఒక ఉపాయం ఆలోచించాను. ఇక నా వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు.

షెడ్డులో కూర్చున్నాను. పేలికలు కాసేపు వేరు చేశాను. మెల్లగా చెయ్యి వదిలేశాను. తల పక్కకి, ఆ చెవి మీదికి వాల్చాను. నోరు కొంచెం తెరిచాను, నేను నోరు తెరిచి పడుకుంటానని నువ్వు వెక్కిరించేవాడివిగా. చెప్పు కాలి చివరికి తెచ్చుకుని వదిలేశాను. టప్పుమంది.

మేస్త్రి పరుగు వినబడింది. "అమ్మాయిగారూ! పడింది! చెప్పు పడింది!" అని గుసగుసగా అరుస్తున్నాడు. గుసగుసగా అరవడం ఆయనకే చేతనవును.

కాసేపు అలాగే ఉండి కళ్ళు తెరిచాను. మీ ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది.

"హాయిగా నిద్రపోయానమ్మాయ్" అన్నాను. "ఇక బిళ్ళ కొట్టేయండి."

మేస్త్రి అప్పటికే సుత్తి తీశాడు. మీ ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. నవ్వుతోంది. నువ్వు పోయాక ఆవిడ నవ్వడం అదే చూడ్డం.

"నిద్రపోయారా అత్తయ్యా?"

"పోయాననే చెబుతున్నానుగా! గురక కూడా పెట్టుంటాను."

"ఇన్నేళ్ళలో అత్తయ్య నిద్రపోయాననడం ఎప్పుడైనా విన్నావా మేస్త్రీ?"

మేస్త్రి ఆలోచించి, సుత్తి దించేశాడు. "లేదండి. అమ్మగారు నిజంగా పడుకుంటే ఒప్పుకోరు. కళ్ళు మూసుకున్నానంతే అంటారు. మనం నవ్వితే తిడతారు కూడా."

నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ. మీ ఆవిడ నా పక్కన గొంతుకూర్చుని, మెల్లగా అంది. "కుర్చీలో లోపం ఉంటే చెప్పండి అత్తయ్యా, ఎన్నిసార్లయినా మారుద్దాం. కానీ లోపం కుర్చీలోనే ఉందా?"

గుండూ, నా నోరు నా చేతిలో లేదు. "నీకేమమ్మా" అన్నాను. "నీకు ఫోన్లున్నాయి, ఆర్డర్లున్నాయి. నీకు పొద్దుపోతుంది. నాకు వాడొక్కడే."

ఆవిడ లేచి నిలబడింది. నేల మీద పడిన నా చెప్పు తీసి, నా కాలి దగ్గర పెట్టింది.

"నాకూ ఒక్కడే అత్తయ్యా" అంది.

ఫోను మోగింది. లోపలికి వెళ్ళింది.

బుధవారం

వెళ్ళలేదు.

గురువారం

వెళ్ళలేదు. క్యారేజీ పంపాను. నిండుగా వచ్చింది. మూత తీసి చూశాను. నీకు ఇష్టమని రెండో గిన్నెలో కూర ఎక్కువ పెట్టడం నాకు అలవాటు. ఇన్నాళ్ళూ నీ క్యారేజీయే కట్టి పంపుతున్నాను. ఆవిడకి ఏది ఇష్టమో నాకు తెలియదు.

శుక్రవారం

సాయంత్రం నీ తమ్ముడు వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పాడు. వచ్చి నా కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు, చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక కూర్చున్నట్టు.

"రేపు ఆస్పత్రివాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలమ్మా. వదిన వద్దని చెప్పేస్తానంటోంది. కుర్చీ పాసవలేదు, పంపలేమని."

"ఆ మాట అంటే?"

"అన్నయ్య కుర్చీ అటక మీదికి. ఆ వరండాలో మళ్ళీ ఇనప కుర్చీలు."

నేను గుమ్మంలో వాడు విప్పిన చెప్పుల వైపు చూశాను.

"నిన్ను తప్పుపట్టడం లేదమ్మా."

"పట్టరా, పట్టు. నువ్వొక్కడివే మిగిలావు."

వాడు నవ్వాడు. తరవాత నా మోకాలికి తల ఆనించాడు. వాడికి నెత్తిన జుట్టు పలచబడింది గుండూ. నేను చూసుకోలేదు.

"రాత్రిళ్ళు వదిన ఆ ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందిరా?" అన్నాను.

"ఏమో. పొద్దున షెడ్డు తెరిచేసరికి అక్కడే ఉంటుంది."

శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పులు దిద్దకు.

క్యారేజీ మనిషి చేత పంపలేదు. నేనే పట్టుకెళ్ళాను. షెడ్డులో మామూలు మోత. కిటికీ పక్కన కుర్చీ సిద్ధంగా ఉంది. బుట్ట నిండా పేలికలు. నేను వేరు చేసినవన్నీ మేస్త్రి మళ్ళీ కలిపేసినట్టున్నాడు, ఎర్రవాటిలో నల్లవి, నల్లవాటిలో గళ్ళవి.

మా కోడలు బయటికి వచ్చింది. "రండత్తయ్యా. చివరిసారి. రాకపోతే రాలేదు, మిమ్మల్ని ఇక పిలవను. చేతులు మళ్ళీ మొదటి ఎత్తుకే తెచ్చాడు, చూపిస్తాను ఉండండి."

నాకు చూపించడానికి తనే కుర్చీలో కూర్చుంది. చేతుల మీద చేతులు పెట్టింది. "ఇదిగో, భుజం ఇలా ఉండాలి, పైకి లేవకూడదు. ఆయన గీసినదాంట్లో ఇక్కడికి... మోచెయ్యి ఇక్కడికి... ఆస్పత్రి ఆయనకి మధ్యాహ్నం ఫోను చేస్తానన్నాను. చేసి..."

చేసి ఏం చేస్తుందో చెప్పలేదు. నేను క్యారేజీ కింద పెడుతున్నాను. చెబుతుందని తల ఎత్తాను.

తల ఎడమ చెవి దిండు మీదికి వాలి ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. నేను చూస్తుండగానే చెప్పు కాలి చివరికి జారింది, కాసేపు వేలాడింది, టప్పుమని పడింది.

అప్పుడు చూశాను ఆ మొహాన్ని. ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉంది. కళ్ళ కింద నల్లగా, బొగ్గుతో గీసినట్టు. మెడ దగ్గర ఎముకలు లేచాయి. జాకెట్టు భుజాల దగ్గర వదులై జారుతోంది. కుట్టుపని చేసినదాన్ని, ఆ మాత్రం కొలత నా కంటికి ఆనలేదు. నేనైనా రాత్రి మంచం మీద వాలేదాన్ని. ఈ పిల్ల ఎక్కడ వాలింది ఇన్నాళ్ళూ?

మేస్త్రి చూశాడు. గబగబా గ్రైండరు స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

"ఆపకు!" అన్నాను, చేతులు ఊపుతూ. మోత ఆగితేనే మెలకువ వచ్చేది నాకు. నువ్వు ఒకసారి కరెంటు పోయినప్పుడు కనిపెట్టావు గుర్తుందా? "మా అమ్మకి జోలపాట గ్రైండరే" అన్నావు.

మేస్త్రికి అర్థమైంది. కానీ ఆయన చేతిలో పని అయిపోయింది. అటూ ఇటూ చూసి, తుక్కులోంచి ఒక పైపుముక్క తీసి గ్రైండరుకి ఆనించాడు. అరగదీస్తూనే ఉన్నాడు. దాని వల్ల ఎవరికీ ఏ ఉపయోగం లేదు. అది పొట్టిదై, ఇంకా పొట్టిదై, వేలెడంత అయ్యాక ఇంకో ముక్క తీశాడు. కుట్టు దగ్గర వాళ్ళు కూడా ఖాళీ మెషీన్లు తొక్కుతున్నారు, దారం లేకుండా. నీ తమ్ముడు "వదినా, వాళ్ళు ఫోను..." అంటూ వచ్చి, చూసి, ఆ మాట అక్కడే మింగేశాడు. మెల్లగా వచ్చి ఆవిడ ఒడిలో ఉన్న ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు.

నేను కింద కూర్చున్నాను, కుర్చీ కాలికి ఆనుకుని. బుట్ట ముందుకి లాక్కుని పేలికలు వేరు చేశాను. ఎర్రవి, నల్లవి, గళ్ళవి. ఆ పిల్ల ఊపిరి నా తల మీదుగా వస్తోంది. నా చెవి తలుపు వైపు తిరగలేదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, అంతసేపూ అటు తిరగలేదు.

ఎండ కిటికీలోంచి గోడ మీదికి, నీ కర్రస్కేలు దాకా వచ్చింది. మేస్త్రి దగ్గర తుక్కు అయిపోయింది. గ్రైండరు ఆగింది.

కోడలు ఉలిక్కిపడి లేచింది. అందరం ఆవిడనే చూస్తున్నాం. ఆవిడ గబగబా చెంగు సర్దుకుని, కింద చెప్పు కోసం కాలితో వెతుక్కుంటూ అంది.

"ఏంటి అందరూ? నేనెక్కడ పడుకున్నాను? కళ్ళు మూసుకున్నానంతే."

ఎవరూ గొల్లుమనలేదు గుండూ. మేస్త్రి మొహం గోడకి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, సణుగుడు లేదు. ఆవిడకి అప్పుడు తెలిసింది తనేమన్నదో. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇక ఏడ్చింది. ఆ ఏడుపు నేనెరుగుదును. అలాంటిది నా దగ్గరా ఉంది. నేను కిందినుంచే ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాను. నన్ను ఎవరైనా లేపితే తప్ప లేవలేనుగా.

"బిళ్ళ కొట్టు మేస్త్రీ" అన్నాను.

"అబద్ధమవుతుంది అత్తయ్యా" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ. "బిళ్ళ మీద అమ్మ కూర్చుంది అని ఉంటుంది. పడుకుంది నేను."

మేస్త్రి ఇటు తిరిగాడు. "అమ్మగారు కూర్చోలేదనా? ఎన్నిసార్లు కూర్చున్నారో నా చేతులకి తెలుసు. బిళ్ళ మీద కూర్చుంది అనే ఉంది, పడుకుంది అని లేదు." అని సుత్తి తీశాడు.

క్యారేజీ విప్పాను. ఎదురుగా కూర్చుని తినిపించినంత పని చేశాను. కారం తక్కువ తింటుందట. పెళ్ళయిన కొత్తలోనే నీతో చెప్పిందట, అమ్మకి చెప్పకు, బాధపడుతుంది అన్నావట. నువ్వు చాలా దొంగవి.

బుధవారం

మొదటి విడత కుర్చీలు వెళ్ళిపోయాయి. లారీ ఎక్కిస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. ఒకదాని మీద ఒకటి, చెవులు చెవులకి తగులుకుంటూ. ఎవరు కూర్చుంటారో వాటిలో. తలుపు వైపు చూసుకుంటూ. తల వాల్చుకునేవాళ్ళు వాల్చుకుంటారు.

నేను కూర్చుని చూసిన కుర్చీ కోడలు ఇంటికి తెచ్చిపెట్టింది. అది ఇచ్చేది కాదట, పైపులన్నీ విప్పి బిగించి గీతలు పడ్డాయట. తనూ బట్టల పెట్టె తెచ్చుకుంది, కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుందట. నీ నీలం చొక్కా సంగతి చెప్పాను. ఆవిడ దగ్గర తెల్లది ఉందట.

శుక్రవారం

క్యారేజీ ఖాళీగా వచ్చింది. కారం తగ్గించాను.

ఆదివారం

మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చుని రేపటికి కూరగాయలు తరుగుతున్నాను. కోడలు లోపల ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. తరవాత చూస్తే ఎండ గోడ దిగిపోయింది, కత్తి ఎవరో తీసి పక్కన పెట్టారు, నా చెప్పు నేల మీద ఉంది. కోడలు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

నేనేం పడుకోలేదురా. కళ్ళు మూసుకున్నానంతే.

ఇక రోజూ రాయలేనేమో గుండూ. రేపటినుంచి పొద్దున్నే రెండు క్యారేజీలు కట్టాలి, నీ తమ్ముడు కూడా షెడ్డులోనే తింటానంటున్నాడు. నీకు మాత్రం ఇక్కడినుంచే చెబుతున్నాను, వినబడితే చెయ్యెత్తు.

కడుపునిండా తిను.